క్లిక్ వద్దంటున్న గిటారిస్టుతో రికార్డింగ్: సెషన్ డ్రమ్మర్లు ఎవరైనా ఉన్నారా?

హైహ్యాట్_హైదరాబాద్

అందరికీ నమస్తే. చాలా ఏళ్ళుగా డ్రమ్స్ వాయిస్తున్నాను. ఎక్కువగా పెళ్ళి సంగీత్‌లు, కార్పొరేట్ షోలు, అప్పుడప్పుడూ పబ్బుల్లో కవర్లు. ఇప్పుడు మొదటిసారి ఒక గిటారిస్టు తన సొంత ఆల్బమ్‌కి సెషన్ వాయించమని పిలిచాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. వాయిస్తే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది.

గొడవ ఏంటంటే ఆయనకి కాస్త తిక్క. క్లిక్ ట్రాక్ (హెడ్‌ఫోన్‌లో టిక్ టిక్‌మంటూ వేగం చెప్పేది) పెడితే ఇంటికెళ్ళిపోతానంటాడు. నోట్స్ రాయడు, కార్డ్స్ చెప్పడు. రిహార్సల్‌లో చెప్పులు విప్పేసి ఆంప్ (గిటారు స్పీకర్ పెట్టె) వైపు తిరిగి నిలబడతాడు, మాకు కనిపించేది వీపే. ఒక రిఫ్ ఉంది, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటారు ముక్క. ‘ఇది ఎన్ని బీట్లు సార్?’ అంటే ‘ఫోరే కదయ్యా, వినబడట్లేదా?’ అన్నాడు. ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంటికొచ్చి లెక్కపెడితే పదహారో నోట్లలో (బీటుకి నాలుగు లెక్కన) 19 వస్తోంది! ఎన్నిసార్లు లెక్కపెట్టినా 19.

అమెరికన్ రాక్ గిటారిస్టు ఫ్రాంక్ జప్పా లాంటి వాళ్ళ దగ్గర పనిచేసిన డ్రమ్మర్ల ఇంటర్వ్యూలు చూశాను కానీ వాళ్ళు దేవుళ్ళు, నాకు పనికొచ్చేది దొరకలేదు. మన దగ్గర ఇలాంటి మనిషితో పనిచేసినవాళ్ళుంటే చెప్పండి. స్టూడియో వచ్చే వారం. ఒకటే టెన్షన్. తప్పుకుంటే మంచిదా?

పాతబాకీ

అడ్వాన్స్ తీసుకున్నావా? తీసుకుంటే వాయించు. తీసుకోకపోతే తీసుకుని వాయించు.

కోడంబాకం కిట్

తమ్ముడూ, తప్పుకోకు. నీ పోస్టు చదివి చాలాకాలం తర్వాత గట్టిగా నవ్వాను. అచ్చం ఇలాంటి మనిషితోనే నేనూ వాయించాను.

నేను మద్రాసులో సినిమా రికార్డింగులకి డ్రమ్స్ వాయించేవాణ్ణి. ఇప్పుడు భుజం సహకరించక మానేశాను. తొంభైల మొదట్లో తెలుగు పాటలు ఇంకా చాలావరకు అక్కడే రికార్డయ్యేవి. పొద్దున్నే కాల్షీట్. అరేంజరు రాసిన కాగితం స్టాండు మీద ఉంటుంది. పల్లవికి ముందు బిట్, రెండు ఇంటర్‌లూడ్‌లు, ఎక్కడ రోల్ ఎక్కడ కట్ అన్నీ అందులోనే. చదివావా, వాయించావా, టీ తాగావా, అంతే. సొంత తెలివి చూపిస్తే కండక్టరు కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసేవాడు.

అలాంటి రోజుల్లో ఒక బేస్ ప్లేయరు నన్నొక రాత్రి పనికి తీసుకెళ్ళాడు. సినిమా కాల్షీట్లు అయిపోయాక రాత్రిపూట స్టూడియో అద్దె తక్కువకి వచ్చేది. ఆ టైములో ఒక గిటారిస్టు సొంత డబ్బుతో రాక్ ఆల్బమ్ చేసుకుంటున్నాడు. పేరు చెప్పను. ఆయన ఇంటర్నెట్ చూడడు గానీ వాళ్ళబ్బాయి చూస్తాడు. మన బెజవాడ వైపు మనిషి, రైల్వేలో గుమాస్తా. ఇన్‌షర్టు వేసుకుని, జేబులో రెండు పెన్నులతో ఆఫీసు నుంచి సరాసరి వచ్చేవాడు. నేను రాక్ గిటారిస్టు అంటే జుట్టూ, తోలు జాకెట్టూ ఊహించుకుని వెళ్ళాను.

వెళ్ళేసరికి ఆంప్‌ని బాత్రూమ్‌లో పెట్టించి, ఎదురుగా మైకు నిలబెట్టించాడు. టైల్స్ మీద పడి తిరిగొచ్చే శబ్దం కావాలట. ఆలోచన మంచిదే, చాలామంది చేసిన పనే. అయితే తెల్లారేదాకా ఆ బాత్రూమ్ ఎవరూ వాడకూడదని ఆర్డర్! ఇంజనీరు పక్కనున్న టీ కొట్టువాణ్ణి బతిమాలుకునేవాడు.

రెండో తిక్క టేపు. రెండంగుళాల టేపు రీలు సెకనుకి 15 అంగుళాల వేగంతో తిరిగితే అరగంట పైచిలుకు వస్తుంది. ఆ రీలు ఖరీదు తలుచుకుంటే మాకు గుండె గుభేలుమనేది. ఎవరైనా టేక్ మొదలయ్యే ముందు రికార్డు నొక్కమంటారు. ఈయన శ్రుతి చేసుకుంటున్నప్పటి నుంచే టేపు తిరగాలనేవాడు. ‘ఏది పాటో ఏది శ్రుతో నాకే తెలీదు, నీకెలా తెలుస్తుంది?’ అని ఇంజనీరుని అడిగాడు. ఆయన దగ్గర జవాబు లేదు.

మూడోది ఆయన భాష. కాగితం ఉండదు, అంకెలు ఉండవు. ‘ఇక్కడ మామగారొచ్చారు’ అంటే ఉన్నపళాన గొంతు తగ్గించి హైహ్యాట్ (జంట తాళాలు) ఒక్కటే వాయించాలి. ‘ఇక్కడ కరెంటు పోవాలి’ అంటే అందరం ఠక్కున ఆగాలి, సింబల్ కూడా చేత్తో పట్టేసుకోవాలి. ఆ తర్వాత ‘కరెంటొచ్చింది, ఫ్యాన్’ అంటే మెల్లగా మొదలుపెట్టి నాలుగైదు బార్లలో (ఆవర్తనాల్లో) అసలు స్పీడుకి రావాలి. మొదటి రాత్రి వీడెవడ్రా బాబూ అనుకున్నాను. తర్వాత మా అరేంజర్ల కాగితాల్లో రాసే ఇటాలియన్ మాటలకన్నా ఇవే తొందరగా ఎక్కాయి. నా చార్టులో కూడా అలాగే రాసుకున్నాను: ‘మామ - 8 బార్లు’, ‘కరెంటు’.

ఇక అసలు విషయం. ఒక రిఫ్ ఏడులో ఉంది. నాకు ఏడు కొత్త కాదు, మిశ్రచాపులో సినిమా పాటలు బోలెడు వాయించాను. ఏడుకి ఏడు లెక్కపెట్టి, బార్ మొదట్లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) వేసి శుభ్రంగా వాయిస్తున్నాను. ఆయన ప్రతిసారీ చెయ్యి ఎత్తి ఆపేస్తున్నాడు. ‘కుంటుతోంది’ అంటాడు. కుంటడం ఏంటి, లెక్క సరిగ్గా ఉంది కదా అని నాకు మండుతోంది. డ్రమ్ బూత్ అద్దంలోంచి చూస్తే ఆయన మొహం పక్క నుంచి కనిపిస్తుంది. మనిషి ఎప్పుడూ వక్కపలుకు నములుతుంటాడు. ఆ దవడ కదలిక చూస్తూ కూర్చున్నాను. చేతులు ఏడు వాయిస్తున్నాయి. దవడ మాత్రం ఏడులో లేదు! సమంగా, ఒకే వేగంతో, రిఫ్ ఎక్కడ మొదలైందో పట్టించుకోకుండా నములుతూ పోతోంది. ఒక నమలుకి రెండు నోట్లు. రిఫ్‌కీ దవడకీ రెండు రౌండ్లకోసారి కలుస్తోంది.

అప్పుడు నేను ఏడు లెక్కపెట్టడం మానేసి, దవడకి కిక్, దవడకి స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్) అని మామూలు ఫోర్ వాయించాను. రిఫ్ దాని మానాన అది పైన దొర్లుతోంది. ఆయన వెనక్కి తిరిగి నావైపు చూసి, నోట్లో వక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చాడు. మెచ్చుకోలు అంటే అంతే. ఆ టేకే ఉంచారు.

కాబట్టి మీ ఆయన ‘ఫోరే కదయ్యా’ అన్నది అబద్ధం కాదు. ఆయన వేళ్ళు 19 వాయిస్తున్నాయి, ఒంట్లో ఎక్కడో ఫోర్ నడుస్తోంది. అదెక్కడో నువ్వు వెతకాలి. వీపు తిప్పి నిలబడితే మడమ చూడు. చెప్పులు విప్పుతాడన్నావు చూడు, ఊరికే విప్పడు. కిట్‌ని ఆయన కాళ్ళు కనిపించేలా వేయించుకో.

నీ రిఫ్ సంగతి: పదహారో నోట్లు 19, ఫోర్ పల్స్ అంటే పల్స్‌కి నాలుగు. నాలుగు రౌండ్లయితే 76, అంటే సరిగ్గా 19 పల్సులు. అక్కడ రిఫ్ మొదలూ పల్సూ కలుస్తాయి. కానీ 19 బేసి కదా, కిక్ పడాల్సిన చోట స్నేర్ వస్తుంది. కిక్-స్నేర్ వరస కూడా కలవాలంటే ఎనిమిది రౌండ్లు ఆగాలి. ఇంట్లో ఆ రిఫ్ రికార్డింగ్ పెట్టుకుని ఆగకుండా ఫోర్ వాయించు. ఐదో రౌండ్ మొదట్లో స్నేర్ పడగానే తప్పిపోయాననుకుని చెయ్యి సర్దుకోబోతావు. సర్దుకోకు.

డబ్బు సంగతి ఎవరో అడిగారు. మా రైల్వే ఆయన యూనియన్ రేటు ప్రకారం పైసా తగ్గకుండా, తన జీతం కవరులో పెట్టి ఇచ్చేవాడు. పేరున్న కొందరు ఇవ్వాల్సింది ఈరోజుకీ రాలేదు. ఆ ఆల్బమ్ క్యాసెట్లుగా వేయించి తెలిసినవాళ్ళకి పంచిపెట్టాడు. అమ్మలేదు.

ఎడిసన్ బాబాయ్

జప్పా పేరెత్తాక ఆగడం నావల్ల కాదు. ఇక్కడ న్యూజెర్సీ చలికి రాత్రిళ్ళు నాకున్న కాలక్షేపం ఆ రికార్డులే.

కిట్ గారి గిటారిస్టుకి కాగితం లేదు. జప్పా దానికి పూర్తిగా ఉల్టా, ఆయన తిక్కంతా కాగితం మీదే. అసలు ఆయన గిటారుకి ముందు డ్రమ్మరే. చిన్నప్పుడు స్కూలు రోజుల్లో శాన్ డియాగోలో ఒక బ్యాండులో డ్రమ్స్ వాయించాడు. అందుకే డ్రమ్మర్లని ఏడిపించడం బాగా తెలుసు! 1976లో తన డ్రమ్మర్ టెర్రీ బోజియో కోసం ఒక డ్రమ్ సోలో రాశాడు. నోట్లు ఎంత కిక్కిరిసి ఉన్నాయంటే పేజీ నల్లగా కనిపించేది, దాని పేరే ‘బ్లాక్ పేజ్’. బోజియో రోజూ రిహార్సల్‌కి ముందు కొంచెం కొంచెం సాధన చేసి మొత్తం వాయించి చూపించాడు. అప్పుడు జప్పా దానికి ట్యూన్ కట్టి బ్యాండు మొత్తానికి అంటగట్టాడు. ఆ ఏడాది డిసెంబరులో న్యూయార్క్‌లో పల్లాడియం అనే హాల్లో వాయించింది 1978లో ఆల్బమ్‌గా వచ్చింది. అప్పటినుంచి ఆయన దగ్గరికి వచ్చే డ్రమ్మర్లకి అదే ఎంట్రన్స్ పరీక్ష లాంటిదైంది.

1978లో ఆ పరీక్ష పాసైనవాడు విన్నీ కొలాయుటా. అప్పటికి 22 ఏళ్ళు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో పేరుమోసిన సెషన్ డ్రమ్మరయ్యాడు. ఆయన మీద గిటారిస్టు స్టీవ్ వాయ్ చెప్పిన కథ ఒకటుంది. వాయ్ మొదట జప్పా దగ్గర సోలోలు విని నొటేషన్ రాసే కుర్రాడు. రిహార్సల్‌లో జప్పా ఒక భయంకరమైన స్కోరు ఇచ్చాడట. విన్నీకి ఒకపక్క స్టాండు మీద ఆ కాగితాలు, ఇంకోపక్క సుషీ ప్లేటు. వాయిస్తూనే ఒక ముక్క నోట్లో వేసుకుంటున్నాడు, జారుతున్న కళ్ళజోడు పైకి తోసుకుంటున్నాడు, ఒక్క నోటు పోలేదట. జప్పా కాగితాలు గాల్లోకి విసిరేశాడట, వాయ్‌కి నవ్వాగలేదట.

హైహ్యాట్ బాబూ, నీ 19 కూడా కొత్త కాదు. 1979లో వచ్చిన ‘జోస్ గరాజ్’లో ‘కీప్ ఇట్ గ్రీజీ’ అనే పాటలో 19/16 (పదహారో నోట్లు 19) వస్తుంది. డ్రమ్స్ విన్నీయే. విను, చాలా హాయిగా దొర్లుతుంది. ఆ ఆల్బమ్‌లో ఇంకో తమాషా. గిటారు సోలోలు దాదాపు అన్నీ ఆ పాటలకోసం వాయించినవి కావు. వేరే రోజు, వేరే ఊళ్ళో, వేరే పాటలో స్టేజీ మీద వాయించిన సోలోని టేపులోంచి లాగి ఇక్కడ అతికించాడు. ‘షీక్ యెర్‌బూటీ’లో ‘రబ్బర్ షర్ట్’ అనే ముక్క అయితే మరీ అన్యాయం. బేస్, డ్రమ్స్ ఒకదానికొకటి జవాబిచ్చుకుంటున్నట్టు ఉంటాయి. బేస్ వాయించింది 4/4 (నాలుగు బీట్ల) ట్రాక్ మీద, డ్రమ్స్ 11/4 (పదకొండు బీట్ల) పాటకి. ఇద్దరి మధ్యా ఆ సంభాషణ జరగనే లేదని ఆయనే ఆల్బమ్ అట్ట మీద రాశాడు.

స్టేజీ మీద మాత్రం కాగితం ఉండదు, సైగలే. లేని జడని వేలితో మెలితిప్పితే బ్యాండు అప్పటికప్పుడు రెగె (జమైకా సంగీతం) లోకి మారాలి. ఏ పాట మధ్యలో ఉన్నా సరే.

కోడంబాకం కిట్

బాబాయ్ గారూ, జడ సైగ అదిరింది. మా ఆయనకి తెలిస్తే మామగారిని మానేసి అదే పెట్టుకునేవాడు.

ఒక్క మాట. ‘రబ్బర్ షర్ట్’ సంగతి మీకు తమాషాగా ఉంది. నాకు మాత్రం కాస్త గుచ్చుకుంది. మద్రాసులో మొదట అందరం ఒకే హాల్లో కూర్చుని వాయించేవాళ్ళం. వయొలిన్లు ఒకపక్క, ఫ్లూట్ ఒకపక్క, నేను బూత్‌లో. బేస్ ప్లేయరు కనుబొమ్మ ఎగరేస్తే ఫిల్ (మధ్యలో వచ్చే చిన్న డ్రమ్ ముక్క) రాబోతోందని అర్థం. తర్వాత తర్వాత కీబోర్డు మీద ముందే ప్రోగ్రామ్ చేసిన ట్రాక్ వచ్చేది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కణ్ణే దాని మీద వాయించి వచ్చేసేవాణ్ణి. పాట బయటికొచ్చాక విని ‘ఓహో, ఇక్కడ బేస్ ఇలా వాయించారా’ అనుకునేవాణ్ణి. ఎవరు వాయించారో కూడా తెలిసేది కాదు. జప్పా ప్రయోగంగా చేసింది నాకు నెలజీతపు పని అయిపోయింది. ఇంకొన్నాళ్ళకి డ్రమ్స్ కూడా ఆ పెట్టెలోంచే రావడం మొదలైంది, నాకు కాల్షీట్లు తగ్గాయి.

అందుకే రైల్వే ఆయనతో గడిపిన రాత్రులంటే నాకు ప్రీతి. క్లిక్ లేదు కాబట్టి పాట మొదట్లో ఒక స్పీడు, సోలో అయ్యేసరికి ఇంకో స్పీడు. ఇంజనీరు స్టాప్‌వాచ్ చూపించి ‘సార్, పరిగెత్తింది’ అన్నాడు. ‘నేనూ పరిగెత్తాను, వాడూ పరిగెత్తాడు, కలిసే చేరాం. నీకేంటి బాధ?’ అన్నాడాయన. టేపులో అది అలాగే ఉంది.

తనియావర్తనం

మృదంగం నేర్చుకుంటున్న వాణ్ణి, డ్రమ్స్ గురించి పెద్దగా తెలియదు. కానీ 19ని నోటితో చెప్పుకుంటే తేలిగ్గా ఉంటుంది. రెండు రకాలుగా విడగొట్టొచ్చు.

ఒకటి: తకధిమి తకధిమి తకధిమి తకధిమి తకిట. నాలుగు నాలుగులు, ఒక మూడు.

రెండు: తకిటతకధిమి తకిటతకధిమి తకతకిట. ఏడు, ఏడు, ఐదు.

ఏది సరైనదో రిఫ్‌లో బరువు ఎక్కడ పడుతోందో చూస్తే తెలుస్తుంది. లావు తీగ మోగిన చోటల్లా ‘త’ వస్తోందా లేదా చూడండి. అదొచ్చాక కిట్ గారు చెప్పినట్టు చేత్తో తాళం మాత్రం సమంగా వేస్తూ నోటితో ఇది చెప్పండి. మా గురువుగారు మాకు మొదట ఇచ్చేది ఇలాంటి పనే.

ఇంకొకటి, ఎడిసన్ బాబాయ్ గారు చెప్పకుండా వదిలేశారు: జప్పా 1978లో మన మద్రాసు వయొలిన్ ఎల్.శంకర్ గారిని తన స్టేజీ మీద వాయింపించాడు. 1979లో ఆయన ఆల్బమ్ ఒకటి ప్రొడ్యూస్ కూడా చేశాడు. కాబట్టి ఈ లెక్కలు ఆయన చెవినీ పడే ఉంటాయి.

ఎడిసన్ బాబాయ్

అవును, మర్చిపోలేదు, పోస్టు పెద్దదైపోయిందని ఆగాను. 1978 అక్టోబరు చివర్లో పల్లాడియం కచేరీల్లో శంకర్ గారు, విన్నీ ఇద్దరూ ఉన్నారు. వెతికి వినండి.

హైహ్యాట్_హైదరాబాద్

అన్నా, మడమే! ఇవాళ రిహార్సల్‌లో కిట్ పక్కకి జరిపించుకుని కూర్చున్నాను. ఎడమ మడమ నేలకి కొడుతూనే ఉంటాడు, సమంగా. ఇన్నాళ్ళూ ఆంప్ శబ్దంలో తెలియలేదు. రిఫ్ మొదటి రకం, నాలుగు తకధిమిలు, చివర తకిట. ఆయన మడమ పట్టుకుని ఫోర్ వాయించాను. ఐదో రౌండ్‌లో స్నేర్ పడగానే నిజంగానే చెయ్యి ఆగబోయింది, పళ్ళు బిగించి పోనిచ్చాను. ఆయనేమీ అనలేదు, ఆపలేదు కూడా. అంతకుముందు రెండు బార్లకే ఆపేసేవాడు.

ఇప్పుడు భయం స్టూడియో. అక్కడ ఆయన కంట్రోల్ రూమ్‌లో కూర్చుని డైరెక్ట్‌గా వాయిస్తాడట, నేను డ్రమ్ రూమ్‌లో. మధ్యలో గోడ, అద్దం కూడా లేదు. మడమ ఎలా కనిపిస్తుంది?

కోడంబాకం కిట్

కనిపించక్కర్లేదు, వినిపిస్తే చాలు. ఇంజనీరుని అడిగి ఆయన కాలి దగ్గర ఒక మైకు పెట్టించు, అది నీ హెడ్‌ఫోన్‌లోకి మాత్రమే రావాలి. కింద కార్పెట్ ఉంటే శబ్దం రాదు, ఒక చెక్క పలక వేయించు. ఆయనకి ముందే చెప్పు, చాటుగా పెడితే గొడవవుతుంది. గిటారు నీకు ఒక చెవిలో, మడమ ఇంకో చెవిలో. అదే నీ క్లిక్, కాకపోతే దాన్ని చూసి ఆయన ఇంటికెళ్ళిపోడు.

స్నేర్ బాగా మోగుతుంటే దాని అంచు మీద పర్సు పెట్టు. కిక్‌లో దిండు స్టూడియోలో ఉంటుందనుకోకు, ఇంటి నుంచి పట్టుకెళ్ళు.

హైహ్యాట్_హైదరాబాద్

ఆయనకి ఫోన్ చేసి చెప్పాను అన్నా. ‘చెక్క అయితే టేకు తీసుకురా’ అన్నాడు. అఫ్జల్‌గంజ్ వైపు కలప అడితీలు ఎవరికైనా తెలుసా?